నయీంని దాటి పోవాలి

బ్యాంకాక్. 1970 డిసెంబర్.

సెమీఫైనల్ చేజారింది. బర్మా 2, ఇండియా 0. డ్రెస్సింగ్ రూం నిండా చెమట వాసన, తడిసిన తోలు వాసన, పిక్కలకి రాసుకునే మందు ఘాటు. బూట్ల లేసులు విప్పుతున్న చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. బయట బర్మా వాళ్ల కేకలు ఇంకా ఆగలేదు. బంగారం ఆశ పోయింది. వెండి ఆశా పోయింది. ఏషియన్ గేమ్స్‌లో మిగిలింది ఒక్కటే మ్యాచ్. గెలిస్తే కంచు. ఓడితే వచ్చిన దారినే ఉత్త చేతులతో విమానం ఎక్కాలి.

ఎదురుగా ఉన్నది జపాన్.

ఆ పేరుకి అప్పుడు ఆసియాలో ఉన్న బరువు మామూలుది కాదు. రెండేళ్ల కిందటే మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు పతకం మెడలో వేసుకున్న దేశం అది. పైగా కొద్ది రోజుల కిందట ఇదే టోర్నీ రెండో రౌండ్‌లో ఇండియాని 1-0తో ఓడించింది కూడా. ఇప్పుడు మళ్లీ వాళ్లే. సెమీఫైనల్లో ఓడిన కాళ్లతో, నిద్రలేని కళ్లతో, ఆ జపాన్‌ని తొంభై నిమిషాలు గోల్ కొట్టకుండా ఆపాలి.

ఆపాల్సిన పని అందరికన్నా ముందు ఒక్కడిది. వయసు ఇరవై ఆరు. ఆడేది డిఫెన్స్‌లో. చేతికి కెప్టెన్ పట్టీ. ఊరు హైదరాబాద్. పేరు సయ్యద్ నయీముద్దీన్.

గోల్ కొట్టేవాడికి ఒక్క క్షణం చాలు. ఎనభై తొమ్మిది నిమిషాలు కనపడకుండా పోయినా, తొంభయ్యో నిమిషంలో కాలు తగిలితే వాడే హీరో. డిఫెండర్ లెక్క వేరు. ఎనభై తొమ్మిది నిమిషాలు అడ్డుపడి, పడి, లేచి, మోకాళ్లు చీరుకుపోయి, నోట్లో మట్టి కొట్టుకుని, తొంభయ్యో నిమిషంలో అర అడుగు ఆలస్యమైతే ఓటమి మొత్తం వాడి ఖాతాలోకే. ఈ లెక్క నయీముద్దీన్‌కి తెలుసు. అతనికే కాదు, అతను పుట్టిన ఊరికే తెలుసు.

ఎందుకంటే ఆ ఊరికి ఫుట్‌బాల్ నేర్పింది ఒక బడిపంతులు.

*

గోషామహల్ పోలీస్ గ్రౌండ్. పొద్దున్నే మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. సిటీ పోలీస్ ఆటగాళ్లు వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు సన్నగా, నిటారుగా ఒక మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతటికీ రహీం సాబ్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ కోచ్. బళ్లో పిల్లలకి పాఠం చెప్పిన గొంతుతోనే కానిస్టేబుళ్లకి పాస్ ఇవ్వడం చెప్పేవాడు.

ఆయన పెట్టే పోటీలు విచిత్రంగా ఉండేవి. కుడికాలి వాటం వాడు ఎడమ కాలితోనే తన్నాలి. బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని విన్యాసాలు చేస్తానంటే కుదరదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. మొదట్లో చూసినవాళ్లు నవ్వుకున్నారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ బొంబాయి వెళ్లడం, రోవర్స్ కప్ పట్టుకురావడం. కలకత్తా పెద్ద క్లబ్బులన్నీ నోరెళ్లబెట్టి చూస్తుండగా!

ఆ రోజుల్లో ఫతే మైదాన్‌లో మ్యాచ్ అంటే ఊరు ఊరంతా కదిలేది. చిక్కడపల్లి నుంచి కుర్రాళ్లు గుంపుగా బయల్దేరితే నారాయణగూడ చౌరస్తాకి వచ్చేసరికి గుంపు రెండింతలయ్యేది, అశోక్‌నగర్ వాళ్లు వచ్చి కలిసేవాళ్లు, సైకిళ్ల మీద ఇద్దరేసి ముగ్గురేసి ఎక్కి, జేబులో వేరుశనక్కాయల పొట్లం, నోట్లో ఆటగాళ్ల పేర్లు, హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ దాకా దారి పొడుగునా వాదించుకుంటూ, తెలుగు, ఉర్దూ కలగలిపి తిట్టుకుంటూ, గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల విజిల్ వినపడి ఒక్కసారిగా పరుగు తీసేవాళ్లు.

‘మియా, అజీజ్ ఉన్నాడు కదా. వెనక భయం లేదు.’

‘బలరాం ఉంటే ముందూ భయం లేదు, పద.’

అజీజుద్దీన్ డిఫెండర్. బలరాం, అంటే సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఫార్వర్డ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు జట్టులో వీళ్లిద్దరూ ఉన్నారు. నూర్ మహమ్మద్ ఉన్నాడు. జుల్ఫికరుద్దీన్, సలాం ఉన్నారు. కోచ్ రహీం సాబే. ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్లిన జట్టులో మన గల్లీల నుంచి వెళ్లినవాళ్లు అంతమంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

నయీముద్దీన్ 1944లో పుట్టాడు. ఈ హడావుడి మధ్యే పెరిగాడు. అతనికి పద్ధెనిమిదేళ్లప్పుడు జకార్తా నుంచి ఒక వార్త వచ్చింది.

*

1962 సెప్టెంబర్ 4. జకార్తా సేనాయాన్ స్టేడియం.

లక్ష మంది. దాదాపు ఎవరూ ఇండియా వైపు లేరు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లని ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడా పెద్ద గురుదత్ సోంధీ తప్పుపట్టాడని ఆ ఊరు మండిపడుతోంది. ఇండియా పేరు చెబితే చాలు, గోల. మన జాతీయ గీతం మొదలైంది. గోలలో ఒక్క ముక్క వినపడలేదు.

బెంచీ మీద రహీం సాబ్. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. మనిషి సగమైపోయాడు. ఆటగాళ్లలో ఒకడికి తలకి కుట్లు. అతని పేరు జర్నైల్ సింగ్. డిఫెండర్. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలింది. ఆ తలతో వెనక నిలబడి హెడర్లు ఆపలేడు. పక్కన కూచోబెట్టాలి. ఏ కోచ్ అయినా అదే చేస్తాడు.

రహీం సాబ్ అతన్ని తీసుకెళ్లి ముందు పెట్టాడు. సెంటర్ ఫార్వర్డ్‌గా!

ఎదురుగా దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. కొద్ది నిమిషాలకే రెండో గోల్. కొట్టింది జర్నైల్ సింగ్, తలకి కట్టుతో. కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. అక్కడితో సరి. 2-1. బంగారం.

డిఫెండర్ అంటే అడ్డుపడేవాడు మాత్రమే కాదు, ఆటని అందరికన్నా వెనక నుంచి, అందరికన్నా పూర్తిగా చూసేవాడు అని రహీం సాబ్ ఆ రోజు లక్ష మంది ముందు చేసి చూపించాడు. కాగితం మీద గీతలు గీసి కాదు. తల పగిలిన మనిషిని నమ్మి.

తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ పోయాడు. ఊరు పెద్ద దిక్కు పోయినట్టు ఏడ్చింది. సిటీ పోలీస్ గ్రౌండ్‌లో ఆయన తయారుచేసిన బాటలో కొత్త కుర్రాళ్లు పరిగెడుతూనే ఉన్నారు. అందులో నయీం ఒకడు. మహమ్మద్ హబీబ్ ఇంకొకడు. ఒకడు వెనక నిలబడతాడు. ఇంకొకడు ముందుకు దూసుకుపోతాడు. వాళ్ల మీద చాలా దూరం నుంచి ఎవరి కళ్లో పడ్డాయి.

*

1966. హౌరా స్టేషన్.

రెండు రాత్రుల ప్రయాణం బడలిక. ప్లాట్‌ఫాం మీద బెంగాలీ హోరు. చేపల బుట్టల వాసన. ఉక్కపోత చొక్కాని ఒంటికి అతికించేసింది. నయీం, హబీబ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి ఆడటానికి వచ్చారు. భాష రాదు. తిండి వేరు. కానీ అక్కడ ఫుట్‌బాల్ ఆటగాడిని చూసే చూపే వేరు.

కలకత్తా మైదాన్‌లో క్లబ్ అంటే ఒక టెంటు, ఒక గ్రౌండ్, చెక్క గ్యాలరీలు, గుర్రాల మీద పోలీసులు, తెల్లారకముందే టికెట్ల కోసం కిలోమీటర్ల కొద్దీ వరసలు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ రాత్రి పులస ధర పెరుగుతుంది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుంది. ఓడితే? ఓడితే డిఫెండర్ రోడ్డు మీద నడవలేడు.

వాన మొదలైంది. కలకత్తా లీగ్ ఆడేదే ఆ వానల్లో. గోషామహల్ గట్టి నేల మీద బంతి చెప్పినట్టు వింటుంది. ఇక్కడ చీలమండ లోతు బురద. బంతి ఒక చోట ఆగిపోతుంది, ఇంకో చోట పాములా జారిపోతుంది. టాకిల్‌కి దిగితే పదడుగులు జారుతూ పోవాలి. కళ్లలో నీళ్లు. కాళ్ల కింద బురద. ముందు నుంచి ఫార్వర్డ్ వస్తున్నాడు. వెనక గోల్ పోస్టు. గ్యాలరీలో వేల గొంతులు. ఒక్క తప్పటడుగు పడితే చాలు.

నయీం నిలబడ్డాడు. ఆ ఏడాది లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే.

అంత బాగా నిలబడ్డాడు కాబట్టి ఇంకో చిక్కు వచ్చింది. కలకత్తాలో మంచి ఆటగాడిని పక్క క్లబ్బు వాళ్లు బతకనివ్వరు. సంతకాల సీజన్ వస్తే చాలు, ఆటగాళ్లని రాత్రికి రాత్రి ఎవరి ఇంట్లోనో దాచేయడం, ఫోన్లు తీసేయడం, సంతకం పడేదాకా గుమ్మం దాటనివ్వకపోవడం. అది అక్కడ అప్పటి ఆనవాయితీ. నయీం ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు. మోహన్ బగాన్‌కి ఆడాడు. మహమ్మడన్ స్పోర్టింగ్‌కి ఆడాడు. మూడు టెంట్లలోనూ అతని బూట్లు రాల్చిన మట్టి ఉంది. మూడు రంగుల అభిమానులూ అతన్ని మోశారు, మూడు రంగుల వాళ్లూ తిట్టారు.

ఇంతలో దేశం పిలిచింది. ఈసారి కెప్టెన్‌గా.

*

మళ్లీ బ్యాంకాక్. కంచు పతకం మ్యాచ్.

విజిల్.

కోచ్ జి.ఎం.హెచ్. బాషా గీత అవతల నిలబడ్డాడు. ముందు వరసలో హబీబ్, మగన్ సింగ్, శ్యామ్ థాపా లాంటి వాళ్లున్న జట్టు. వెనక నయీం పక్కన సుధీర్ కర్మాకర్. సన్నటి బెంగాలీ కుర్రాడు. అవతలివాడు బంతి ఎటు తిప్పుతాడో వాడికన్నా ముందే తెలిసినట్టు ఉంటుంది సుధీర్ అడుగు. నయీం అడుగు వేరు. తొందర ఉండదు. వెనకడుగు ఉండదు.

జపాన్ చిన్న చిన్న పాసులతో వచ్చింది. క్రమశిక్షణ అంటే వాళ్లదే. బంతి ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి, అక్కడి నుంచి మరొకడికి, గడ్డిని అంటుకుని జారుతోంది. మొదటిసారి ఈ జట్టు చేతిలో ఓడినప్పుడు తేడా ఒక్క గోలే. ఆ ఒక్కటి ఎక్కడ జారిందో డిఫెన్స్‌లో ప్రతివాడికీ ఒంట్లో గుర్తుంటుంది. మళ్లీ అదే సందు దొరికితే అంతే సంగతి.

ఇండియా గోల్ కొట్టింది.

1-0!

బెంచీ లేచింది. ముందున్నవాళ్లు ఒకరినొకరు హత్తుకున్నారు. డిఫెండర్లకి మాత్రం అసలు ఆట అప్పుడే మొదలైంది. ఆధిక్యం వచ్చాక గడియారం కదలదు. ప్రతి కార్నర్ ఒక గండం. ప్రతి క్రాస్‌కి గాల్లోకి లేవాలి, మోచేయి తగులుతుంది, భుజం తగులుతుంది, తల తగులుతుంది, కింద పడేలోపు బంతి ఎటు పోయిందో చూడాలి, లేవాలి, గీత దాకా పరిగెత్తాలి, ‘వెనక్కి రా’ అని అరవాలి, ఉర్దూలో అరిచినా బెంగాలీవాడికి అర్థం కావాలి, హిందీలో అరిచినా మద్రాసువాడికి అర్థం కావాలి, ఈలోపు మళ్లీ జపాన్ వచ్చేస్తోంది.

ఎడమ వైపు నుంచి. ఆపారు.

కుడి వైపు నుంచి. ఆపారు.

మధ్యలోంచి.

ఆపారు.

ఆఖరి విజిల్ మోగేసరికి స్కోరు మారలేదు. ఒలింపిక్ కంచు పతక విజేత జపాన్ నాలుగో స్థానానికి పడిపోయింది. ఇండియాకి కంచు. ఫైనల్లో బర్మా, దక్షిణ కొరియా ఒకరి మీద ఒకరు గోల్ కొట్టలేక బంగారాన్ని పంచుకున్నాయి. మూడో మెట్టు మీద నిలబడ్డ జట్టుకి కెప్టెన్ హైదరాబాద్ వాడు.

1970 సంవత్సరానికే అతనికి అర్జున అవార్డు కూడా వచ్చింది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి పతకం వచ్చిన ఆఖరిసారి అదే అని ఆ రోజు ఎవరికి తెలుసు?

*

ఆట ఆగిపోయే రోజు ఏ ఆటగాడికైనా వస్తుంది. డిఫెండర్‌కి అది మోకాలి నుంచి మొదలవుతుంది. మనసు చెప్పిన చోటికి కాలు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణంలో కుర్రాడు దాటి పోతాడు.

ఊరూ మారింది. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. గ్యాలరీల్లో జనం క్రికెట్ కోసం నిండటం మొదలైంది. సిటీ పోలీస్ పేరు పాతవాళ్ల జ్ఞాపకాల్లోకి జరిగిపోయింది. ఈ ఊరి నుంచి మంచి ఆటగాళ్లు తర్వాత కూడా వచ్చారు. షబ్బీర్ అలీ వచ్చాడు. విక్టర్ అమల్‌రాజ్ వచ్చాడు. వచ్చినవాళ్లంతా కలకత్తా బండి ఎక్కారు. ఇక్కడ మిగిలేది ఏముంది?

నయీం ఆట వదిలాడు కానీ గీత దాటి ఎంతో దూరం పోలేదు. గీత అవతల నిలబడ్డాడు. కోచ్ అయ్యాడు.

అతని పద్ధతి చాలామందికి మింగుడు పడలేదు. పొద్దున్నే గ్రౌండ్. పరుగు. మళ్లీ పరుగు. పేరున్న ఆటగాడా, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడా అన్న తేడా లేదు. ఒంట్లో సత్తువ లేనివాడు ఎంత విద్య ఉన్నా డెబ్బయ్యో నిమిషంలో మోసం చేస్తాడని ఆయన పట్టు. బురదలో, ఎండలో, ఆధిక్యం కాపాడుకుంటూ ఇరవై నిమిషాలు ఊపిరాడని స్థితిలో నిలబడిన మనిషికి కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అది! క్లబ్ పెద్దలతో పడలేదు. పెద్ద పేర్లతో పడలేదు. మొండివాడన్నారు. ఆ మొండితనం లేకపోతే ఆయన దగ్గర ఇంకేం ఉంది?

1990. మళ్లీ ఈస్ట్ బెంగాల్ టెంటు. ఈసారి భుజం మీద తువ్వాలు, మెడలో విజిల్.

మొదట ఐఎఫ్ఏ షీల్డ్. కలకత్తాలో. గెలిచారు.

తర్వాత డ్యూరాండ్ కప్. ఢిల్లీలో. గెలిచారు.

ఇంకొక్కటి మిగిలింది. రోవర్స్. బొంబాయి. రహీం సాబ్ హైదరాబాద్ పోలీసుల్ని వెంటేసుకుని వరసగా అయిదేళ్లు వెళ్లి ఎత్తుకొచ్చిన కప్పు అదే. ఒకే ఏడాది మూడూ గెలవడం ఈస్ట్ బెంగాల్‌కి 1972 తర్వాత సాధ్యం కాలేదు. పద్ధెనిమిదేళ్లు. ఆటగాళ్ల కాళ్లలో సత్తువ అయిపోయిందా, మిగిలిందా? పొద్దున్నే తిట్టుకుంటూ పరిగెత్తిన ఆ పరుగులన్నీ ఇప్పుడు లెక్క తేలాలి.

తేలింది. రోవర్స్ కూడా ఈస్ట్ బెంగాల్‌దే!

ఆ రాత్రి కలకత్తాలో ఎన్ని పులసలు కాలాయో దేవుడికే ఎరుక. ఆ ఏడాదే ఢిల్లీ నుంచి కబురు. ద్రోణాచార్య అవార్డు. ఫుట్‌బాల్ కోచ్‌కి ద్రోణాచార్య ఇవ్వడం అదే మొదలు. ఇంకో ఫుట్‌బాల్ కోచ్‌కి ఆ గౌరవం దక్కడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. అటు అర్జున, ఇటు ద్రోణాచార్య, రెండూ ఉన్న ఫుట్‌బాల్ మనిషి దేశం మొత్తం మీద ఒక్కడు. ఇవాళ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఆ పేరు అవార్డుల జాబితాలో ఒక బిట్. జవాబు టిక్కు పెట్టి ముందుకు పోతారు. ఆ మనిషి మన ఊరివాడేనని వాళ్లలో ఎందరికి తెలుసో!

*

1997. ఖాట్మండు. దక్షిణాసియా కప్పు. నయీం ఇప్పుడు దేశానికి కోచ్. ఫైనల్లో మాల్దీవుల మీద 5-1. ముందు వరసలో ఐ.ఎం. విజయన్ చెలరేగిపోయాడు. గెలిచారు, కప్పు తెచ్చారు, మరుసటి ఏడు తిరిగేసరికి కోచ్ మారిపోయాడు. ఇండియా ఫుట్‌బాల్‌లో కోచ్ కుర్చీ ఎప్పుడూ అంతే.

2005లో మళ్లీ పిలుపు. వయసు అరవై దాటింది.

డిసెంబర్ 17. కరాచీ. పీపుల్స్ ఫుట్‌బాల్ స్టేడియం. ఇండియా జట్టు పాకిస్తాన్ గడ్డ మీద ఫైనల్ ఆడుతోంది. ఎదురుగా బంగ్లాదేశ్. ఢాకా క్లబ్బుల ఆటని నయీం దగ్గరగా చూసినవాడు. బ్రదర్స్ యూనియన్‌కి కోచింగ్ ఇచ్చినవాడు. ఆ కుర్రాళ్ల కాళ్లు ఎటు తిరుగుతాయో ఆయనకి తెలుసు. మెహ్రాజుద్దీన్ ఒక గోల్. కెప్టెన్ బైచుంగ్ భూటియా ఇంకో గోల్. 2-0. డిఫెన్స్ ఒక్క గోల్ ఇవ్వలేదు. ఇండియాకి కప్పు.

రెండు నెలలు గడిచాయి. ఏషియన్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల డ్రా కాగితం మీద ఒక పేరు ఎదురుచూస్తోంది.

జపాన్.

*

2006 ఫిబ్రవరి 22. యొకొహామా.

చలి ఎముకల్లోకి దిగుతోంది. ఈ ఊళ్లోనే నాలుగేళ్ల కిందట ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. జపాన్ బెంచీ మీద ఉన్నది జీకో. బ్రెజిల్ జీకో. ఇంకో నాలుగు నెలల్లో ఆ జట్టుని జర్మనీ ప్రపంచ కప్‌కి తీసుకెళ్లబోతున్నాడు. ఇవతలి బెంచీ మీద నయీముద్దీన్. ముప్ఫై అయిదేళ్ల కిందట ఇదే దేశాన్ని తొంభై నిమిషాలు తన వెనక్కి రానివ్వని కెప్టెన్.

ఈ ముప్ఫై అయిదేళ్లలో జపాన్ ఏం చేసింది? ఊరికో క్లబ్బు, క్లబ్బుకో పిల్లల అకాడమీ కట్టుకుంది. 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టింది. 1998లో ప్రపంచ కప్‌కి వెళ్లింది, 2002లో ప్రపంచ కప్ ఆతిథ్యాన్నే ఇంటికి తెచ్చుకుంది. ఇండియాలో నేషనల్ లీగ్ మొదలయిందే 1996లో. రహీం సాబ్ ఎడమ కాలి పోటీలు పెట్టిన ఊళ్లో పిల్లలకి ఆడుకోవడానికి గ్రౌండే కరువైంది. ఆ తేడా అంతా కలిపి ఒక్క రాత్రి ఒక్క మనిషి నెత్తిన పడబోతోంది.

విజిల్.

మొదటి గోల్ పడింది.

గీత అవతల నిలబడ్డ కోచ్‌కి ఉన్న శిక్ష అదే. సందు కనపడుతుంది. అక్కడికి ఎవడు వెళ్లాలో తెలుసు, ఏ కాలు ముందు పెట్టాలో తెలుసు, ఒంట్లో ప్రతి నరానికీ తెలుసు, ఒకప్పుడు తనే అయితే మూడడుగుల్లో వెళ్లి భుజం అడ్డేసి బంతిని గ్యాలరీలోకి తన్నేసేవాడు, ఇప్పుడు చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరవడం తప్ప ఇంకేం లేదు, ఆ అరుపు వేల గొంతుల డప్పుల హోరులో కలిసిపోతోంది, ఈలోపు నీలం చొక్కా దాటిపోయింది.

రెండు. మూడు. నాలుగు. అయిదు.

ఆరు.

జపాన్ 6, ఇండియా 0.

సరిగ్గా వారం. మార్చి 1. ఢిల్లీ. సొంత గడ్డ. ఎదురుగా యెమెన్. ఇక్కడైనా నిలబడితే చాలు. నిలబడలేదు. 0-3.

పేపర్ల నిండా అక్షింతలు. పాతకాలం కోచ్ అన్నారు. కాలం చెల్లిన పద్ధతులన్నారు. మూడు నెలల కిందట కరాచీలో కప్పెత్తిన సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నయీంని తప్పించారు. ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చాడు. ఆయనకి విదేశాల్లో శిబిరాలు ఇచ్చారు, నెలల తరబడి జట్టుని చేతికిచ్చారు. అవన్నీ కావాల్సినవే. నయీంకి కూడా కావాల్సినవే. అర్జున, ద్రోణాచార్య రెండూ ఉన్న మనిషికి ఆ పాటి సమయం ఇవ్వలేకపోయారంటే బాధ కలుగుతుంది. ఆ ఆరు గోల్స్ ఆయనొక్కడివి కావు. ముప్ఫై అయిదేళ్లు నిద్రపోయిన వ్యవస్థవి.

అరవై రెండేళ్ల వయసులో అలాంటి దెబ్బ తగిలితే మనిషి ఇంటికి వెళ్లి కూచుంటాడు.

నయీం కూచోలేదు. మళ్లీ విజిల్ పట్టాడు. డెబ్బై దాటాక కూడా ఢాకాలో బ్రదర్స్ యూనియన్ కుర్రాళ్ల మధ్య కనిపించాడు. అదే పొద్దు, అదే పరుగు, అదే కోపం. మనవల వయసు పిల్లలు. వాళ్లకి 1970 గురించి తెలిసే అవకాశమే లేదు.

2016 జులై 29. మోహన్ బగాన్ దినం. 1911లో ఒక్కడు తప్ప అంతా బూట్లు లేకుండా ఆడిన మోహన్ బగాన్ ఆటగాళ్లు తెల్లవాళ్ల రెజిమెంట్‌ని ఓడించి షీల్డ్ గెలిచిన రోజు. ఏటా ఆ రోజున క్లబ్బు తన పెద్ద గౌరవం ‘మోహన్ బగాన్ రత్న’ ఇస్తుంది. ఆ ఏడు ఎవరికి? అడిగినవాళ్లు పేరు విని ఒక్క క్షణం ఆగారు. 1990లో పక్క క్లబ్బుకి మూడు కప్పులు కట్టబెట్టిన కోచ్. ఎరుపు పసుపు జెండా కింద తమ ఆకుపచ్చ మెరూన్‌ని ఏడిపించిన మనిషి. కలకత్తాలో ఇలాంటి లెక్కలు తరాలు మారినా మరిచిపోరు.

వేదిక మీదికి సయ్యద్ నయీముద్దీన్‌ని పిలిచారు. వయసు డెబ్బై రెండు. ఆకుపచ్చ మెరూన్ చొక్కాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. పిలిచింది తమ పాత డిఫెండర్‌ని మరి.